బందరులో చిన్న మ్యూజియం: అద్దకం అచ్చులు, చిలకలపూడి డైలు, సీసం అక్షరాలు ఉప్పుగాలికి నిలబడాలంటే?

కోనేరు సెంటర్ అడిగారు:

బందరులో ఒక పాత మేడ కింది భాగంలో రెండు గదులు ఊరి మ్యూజియం కోసం ఇచ్చారు. ఒక్కో గది 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. సున్నపు గోడలు, మద్రాసు టెర్రస్ కప్పు, తూర్పున రెండు పెద్ద కిటికీలు. వానాకాలంలో తూర్పు గోడకి కింద నుంచి మూరెడు ఎత్తు దాకా చెమ్మ ఎక్కుతుంది.

చేరిన సామాను: పెడనలో మూతపడిన అద్దకం షెడ్డు నుంచి టేకు అచ్చులు 160 దాకా, గోనె సంచుల్లో. రంగు ఉడికించే రాగి గంగాళం, బయటంతా మసి. అద్దకం గుడ్డలు పదకొండు, వాటిలో మూడు బాగా పాతవి, నల్ల గీతలు ఉన్నచోటల్లా చిరుగులు. చిలకలపూడి నగల పనివాళ్ళ డైలు (రేకు మీద నమూనా కొట్టే అచ్చులు), కమ్మచ్చులు (తీగ సాగదీసే బెజ్జాల పలకలు), వాటితోపాటు మూతలు బిగిసిపోయిన సీసాలు నాలుగు. ఒక ప్రెస్సు నుంచి సీసం అక్షరాల కేసులు ఆరు, ట్రెడిల్ (కాలితో తొక్కే ముద్రణ యంత్రం) ఒకటి. కృష్ణాపత్రిక పాత సంచికలు ఒక కట్ట.

సలహాలకి కొదవ లేదు. అచ్చులకి నూనె పట్టించమని, గంగాళం చింతపండుతో తోమమని, పత్రికలు లామినేషన్ చేయించమని, గదులకి ఏసీ పెట్టమని. వీటిలో ఏది చేసినా మళ్ళీ వెనక్కి తీసుకోలేం కదా. అందుకే ముందు ఇక్కడ అడుగుతున్నాను. ప్రదర్శన ఎక్కడ మొదలుపెట్టాలన్నది కూడా తేలడం లేదు. 1611లో ఇంగ్లీషువాళ్ళు దిగిన దగ్గర్నుంచా, 1864 తుపాను నుంచా?

కరక్కాయ కషాయం:

నూనె వద్దు, చింతపండు వద్దు, లామినేషన్ అసలే వద్దు. ఏసీ సంగతి బిల్డింగు తెలిసినవాళ్ళు చెబుతారు. నేను అచ్చుల గురించి చెబుతాను.

సంచులు ఒకేసారి కుమ్మరించకండి. ఒక్కో సంచి విప్పి, అందులోవి అక్కడే పరిచి, సంచి నంబరుతో సహా ఫొటో తీసి, ఆ తర్వాతే రెండోది ముట్టుకోండి. అచ్చు ఒంటరిగా పనిచేసేది కాదు. ఒక డిజైనుకి గీతల అచ్చు ఒకటి, ఎరుపు నింపేది ఒకటి, మిగతా రంగులకి వేరేవి, అంచుకి వేరే, అంచు తిరిగే మూలకి ఇంకోటి ఉంటాయి. షెడ్డులో జట్టుగా ఉన్నవి చాలావరకు ఒకే సంచిలోకి వచ్చి ఉంటాయి. చూడ్డానికి బాగుంటాయని సైజుల వారీగా సర్దారంటే జట్లన్నీ చెదిరిపోతాయి, తర్వాత కలపడం మహా కష్టం.

జట్టు గుర్తుపట్టడానికి ముద్ర వేసి చూడకండి. టార్చి లైటు పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి ముఖం ఫొటో తీయండి. కంప్యూటర్లో కుడి ఎడమలు తిప్పితే గుడ్డ మీద పడే బొమ్మ వస్తుంది. గీతల అచ్చు ఫొటో మీద నింపుడు అచ్చు ఫొటోని పల్చగా పరిచి చూడండి. మూలల్లో ఉండే గురుతు చుక్కలు కలిశాయంటే జట్టు దొరికినట్టే.

గాడుల్లో గట్టిపడిన రంగుని గీకకండి, కడగకండి. ఆ అచ్చు ఏ పని చేసిందో చెప్పే సాక్ష్యం అదొక్కటే. నల్లటి పెళుసు పొర ఉంటే అది ఇనుము, బెల్లం ఊరేసిన నల్లరంగుకి వాడిన గీతల అచ్చు. జిగురుగా, కాస్త గులాబీ చాయలో ఉంటే పటిక అచ్చు. పటిక నీళ్ళు గుడ్డ మీద కంటికి కనబడవు కాబట్టి ఎక్కడ అద్దామో తెలియడానికి అందులో కొంచెం కచ్చా రంగు కలుపుతారు, ఆ చాయే అది. మెత్తటి కుంచెతో దుమ్ము దులపడం, గాడిలో మట్టి ఉంటే వెదురు పుల్లతో తీయడం, అంతవరకే.

వీపు నుంచి ముఖం దాకా సన్నటి బెజ్జాలు కనిపిస్తాయి. పురుగు తొలిచిందనుకుని వాటిలో ఎం-సీల్ కూరకండి. అచ్చు అదిమినప్పుడు గాలి పోవడానికి చెక్కేవాళ్ళే వేసినవి అవి. పురుగు బెజ్జం గుండ్రంగా, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, వరసా వావీ ఉండదు. అనుమానం ఉన్న అచ్చుని నల్ల కాగితం మీద రెండు వారాలు ఉంచండి. పిండిలాంటి పొడి కొత్తగా రాలితే పురుగు బతికే ఉంది. అప్పుడు అచ్చుని రెండు పాలిథిన్ కవర్లలో గాలి లేకుండా టేపు వేసి, ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్లో మైనస్ 18 నుంచి మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు. తొందరపడి విప్పితే గాలిలోని తేమంతా చల్లటి చెక్క మీద నీరై కూర్చుంటుంది. కవరు ఉంటే ఆ నీరు కవరు మీదే పడుతుంది.

నూనె మాట ఎందుకొచ్చిందంటే, పనిలో ఉన్న అచ్చు రోజూ తడుస్తుంది, పగలకుండా నూనె తాగిస్తారు. అరలో కూర్చునే అచ్చుకి ఆ అవసరం లేదు. కొత్త నూనె జిగటగా మారి దుమ్ము పడుతుంది, పాత రంగుని మూసేస్తుంది.

స్టీలు అరల్లో ఒకే వరసలో, ముఖం పైకి పెట్టి ఉంచండి. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. అర గోడకి జానెడు ఎడంగా ఉంటే చెదలు దారి కట్టినా కంటపడుతుంది. గంగాళం మసి కూడా అలాగే ఉంచండి. లోపల రంగు కట్టిన గీత చూస్తే నీళ్ళు ఎంతవరకు పోసి ఉడికించేవాళ్ళో తెలుస్తుంది. తళతళలాడే గంగాళం పెళ్ళివారింట్లోనూ ఉంటుంది, దానికి మ్యూజియం అక్కర్లేదు.

చిరువేరు:

గుడ్డల మీద ఆ చిరుగులు ఎలకలవి కావు, పాతబడి చిరిగినవీ కావు. కరక్కాయలో ఉండే టానిన్, ఇనుము కలిస్తే ఆ నలుపు వస్తుంది. ఆ ఇనుమే ఏళ్ళు గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది. చెమ్మ, వెలుతురు ఉంటే ఇంకా తొందరగా. ఎరుపు పటికతో పట్టింది కాబట్టి అక్కడ నూలు గట్టిగానే ఉంటుంది. అందుకే బాగా పాత ముక్కల్లో ఎర్ర పువ్వు నిక్షేపంగా ఉండి, దాని చుట్టూ నల్ల గీత ఉండాల్సిన చోట సన్నటి సందు మిగులుతుంది. మీ మూడింటినీ భూతద్దంతో చూడండి, దారం తెగిన కొస దగ్గర గోధుమరంగు పొడి కనిపిస్తుంది.

ఇది ఆగదు, నెమ్మది చేయగలం అంతే. ఉతకొద్దు. తడిస్తే ఇనుము పక్క దారాల్లోకి పాకుతుంది, తెగిన దారాలు నీళ్ళలో కొట్టుకుపోతాయి. ఇస్త్రీ వద్దు. వెనక ఫెవికాల్‌తో గుడ్డ అంటించడం, మిషను కుట్టు, ఇవి మరీ ఘోరం. ఆ మూడు ముక్కల మరమ్మతు మాత్రం తెలిసినవాళ్ళకే వదిలేయండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో కన్సర్వేషన్ ల్యాబు ఉంది, వారసత్వ సంపదని కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ళకి కేంద్రాలున్నాయి. ఫొటోలు పంపి అడగండి.

మడత పెట్టొద్దు, మడత నల్ల గీత మీద పడిందంటే అక్కడ తెగుతుంది. 4 అంగుళాల పైపు తీసుకుని, దానికి అల్యూమినియం ఫాయిలు చుట్టి, పైన గంజి పోయేలా రెండు మూడుసార్లు ఉతికిన మల్లు గుడ్డ చుట్టి, దాని మీద అద్దకం వైపు బయటికి వచ్చేలా వదులుగా చుట్టండి. ఫాయిలు లేకుండా నేరుగా పీవీసీ పైపు మీద చుడితే దాని ఆవిర్లు గుడ్డకి తగులుతాయి. నాఫ్తలీన్ ఉండలు గుడ్డల మధ్య వేయకండి, గుడ్డకీ మంచిది కాదు, గదిలో కూర్చునేవాళ్ళకీ కాదు.

గట్టిగా ఉన్న ఎనిమిదింటిని చూపించొచ్చు. పై అంచు పొడవునా గుడ్డ గొట్టం కుట్టి కర్ర దూర్చితే బరువు సమంగా పడుతుంది. నాలుగు మూలలకి క్లిప్పులు పెడితే ఆ నాలుగు చోట్లా సాగుతుంది. వెలుతురు 50 లక్స్ మించకూడదు, ఫోన్ యాప్‌తో సుమారుగా కొలవొచ్చు. మూడు నెలలు చూపించి లోపల పెట్టి ఇంకోటి తీయండి. ముందు వెలిసేది పసుపు, దాంతో ఆకుపచ్చగా ఉన్నది నీలంగా మారుతుంది. మీ గుడ్డల్లో నీలి ఆకులు కనిపిస్తే అవి ఒకప్పుడు పచ్చనివే అయి ఉండొచ్చు.

ఇంకో సంగతి. పని ఎలా జరిగేదో చూపించడానికి పాత గుడ్డలు వాడకండి. ఇప్పటికీ పెడనలో పని నడుస్తోంది కదా, మూరెడు ముక్కల మీద ఒక్కో దశ దగ్గర ఆపి ఇమ్మనండి. గంజి తీసిన తెల్లగుడ్డ, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసింది, నల్ల గీతలు పడ్డది, పటిక అద్దింది, పారే నీళ్ళలో ఉతికింది, రంగులో ఉడికింది, పసుపు నీలం వేసింది. తప్పిన ముక్కలు కూడా అడిగి తెచ్చుకోండి, జనం ఎక్కువసేపు నిలబడేది వాటి దగ్గరే. పటిక అద్దాక నిలవ నీళ్ళలో ఉతికితే విడిపోయిన పటిక మళ్ళీ తెల్ల భాగానికి అంటుకుంటుంది, ఉడికించాక అక్కడంతా ఎర్రటి మకిలి. పారే నీళ్ళయితే దాన్ని లాక్కుపోతాయి. అద్దకానికి కాలువ ఎందుకు కావాలో ఆ ఒక్క ముక్కతో తెలిసిపోతుంది.

ట్రెడిల్ శబ్దం:

మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆ నాలుగు సీసాలు చూడండి. మూతలు తిప్పే ప్రయత్నం చేయొద్దు, వాసన చూడొద్దు, కాలువలో పారబోయొద్దు. బంగారు పూత పెట్టే నీళ్ళలో సైనైడ్ ఉంటుంది, అదే పనివాళ్ళ దగ్గర నైట్రిక్ యాసిడ్ కూడా ఉంటుంది. రెండూ కలిస్తే వచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది. ఏ సీసాలో ఏముందో తెలియదు కాబట్టి నాలుగూ ఒకే పెట్టెలో కూడా పెట్టకండి. గదికి తాళం వేసి, కాలుష్య నియంత్రణ మండలి జిల్లా ఆఫీసుకి రాతపూర్వకంగా తెలియజేయండి. మీకు కావలసింది సీసా అయితే ఇంకో ఖాళీ సీసా దొరుకుతుంది.

లేబుల్లో ఒక తేడా రాయండి. పాత రోల్డ్‌గోల్డ్ అంటే బంగారు రేకుని వేడితో, ఒత్తిడితో మామూలు లోహానికి అతికి సాగదీసింది. కరెంటుతో పూత పెట్టడం తర్వాతి పద్ధతి. మీ డైలు, కమ్మచ్చులు ఏ పద్ధతికి చెందినవో ఇచ్చినవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి.

ఇత్తడి, కంచు, రాగి వస్తువుల మీద నున్నగా గట్టిగా ఉన్న ముదురు పచ్చని పొరని వదిలేయండి. లేత ఆకుపచ్చ పొడి చుక్కలుగా పుట్టి, తుడిచినా మళ్ళీ వస్తుంటే అది ఉప్పు చేసే పని. సముద్రపు గాలి ఉన్న ఊళ్ళో ఇది మామూలే. చింతపండులో ఉప్పేసి తోమితే నిగనిగలాడుతుంది నిజమే, కానీ పైపొర లేచిపోయి లోపలి లోహం బయటపడుతుంది, ఆ ఉప్పు సన్నటి గాడుల్లో ఉండిపోయి మళ్ళీ మొదలవుతుంది. డైకి ఉన్న విలువంతా ఆ సన్నటి గీతల్లోనే. పొడి చుక్కలున్నవాటిని గాలి చొరని డబ్బాలో పెట్టండి. 10 లీటర్ల డబ్బాకి 200 గ్రాముల సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) సరిపోతుంది. రంగు మారే నారింజ రకం తీసుకోండి, నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది. రంగు మారితే ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు పెడితే మళ్ళీ పనికొస్తుంది. చేతులకి గ్లౌజులు తప్పనిసరి, వేలి చెమట కూడా ఉప్పే.

సీసం అక్షరాల మీద తెల్లటి పొడి ఉందా చూడండి. చెక్క కేసుల్లోంచి వచ్చే పులుపు ఆవిర్లు, చెమ్మ కలిస్తే సీసం అలా పొడి బారుతుంది. ఆ పొడి విషం. ఊదొద్దు, చీపురుతో ఊడవొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు. ఎన్-95 మాస్కు, గ్లౌజులు వేసుకుని పొడి పట్టినవి ఏరి, మూత గట్టిగా పడే పాలీప్రొపిలీన్ డబ్బాలో వేరుగా పెట్టండి. కొత్త ప్లైవుడ్ షోకేసులో మూసిపెడితే జబ్బు ఇంకా ముదురుతుంది. ఏరడానికి ముందే ప్రతి కేసునీ పై నుంచి ఫొటో తీయండి. తెలుగు కేసులో గుణింతాలు, వత్తులు ఎవరి వీలుని బట్టి వాళ్ళు సర్దుకునేవాళ్ళు. ఒకసారి కలిసిపోతే ఆ సర్దుబాటు ఎవరికీ తెలియదు. పేజీకి కూర్చి దారంతో కట్టిన అక్షరాలు (మ్యాటరు) ఏవైనా ఉంటే విప్పకండి.

ట్రెడిల్‌కి ఇంకు పళ్ళెం మీద రోలర్లు ఆనించి వదిలేస్తే ఆనిన చోట చదునవుతాయి. తీసి విడిగా కొక్కేలకి నిలువుగా వేలాడదీయండి. పాత రకం రోలరు జిగురు, గ్లిజరిన్‌తో పోసింది, మే నెల ఎండకి మెత్తబడి కారుతుంది. కింద ట్రే పెట్టండి. చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టండి, తిరిగే ట్రెడిల్లో వేళ్ళు పోగొట్టుకోవడం చాలా తేలిక.

కృష్ణాపత్రికకి సెల్లోటేపు కూడా వద్దు. న్యూస్‌ప్రింటులోనే పులుపు ఉంటుంది, లామినేషన్ చేస్తే అది లోపలే ఉండిపోతుంది, వేడికి కాగితం ఇంకాస్త పెళుసవుతుంది, పైగా మళ్ళీ విడదీయలేం. బల్ల మీద పరిచి పై నుంచి కెమెరాతో తీయండి, అదనంగా విప్పి మడవడం లేకుండా ఒక్కసారిలో పని అయిపోవాలి. తర్వాత పత్తితో చేసిన చేతికాగితం మధ్యలో వేసి, చదునుగా పెట్టెలో. ప్రదర్శనకి నకలు పెట్టండి, అసలు పెట్టొద్దు.

సున్నం గానుగ:

ఏసీ మీద నా మాట: పొద్దున పదింటికి వేసి సాయంత్రం ఐదింటికి ఆపే ఏసీ కన్నా అసలు లేకపోవడమే మేలు. ఆపగానే తేమ గాలి చల్లబడిన లోహం మీద, అద్దాల మీద నీరుగా పడుతుంది. రోజూ అలా ఎక్కుతూ దిగుతూ ఉంటే చెక్క పగులుతుంది. తేమ 45 నుంచి 60 శాతం మధ్య నిలబడితే బాగుంటుంది. 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొదలు. బందరులో బయట గాలే చాలా నెలలు అంతకన్నా పైన ఉంటుంది, అందుకని రెండు గదుల్నీ అదుపులో పెట్టాలనుకోకండి. ఒక గది ప్రదర్శనకి, ఫ్యాన్లు, గాలి ఆడేలా. రెండోది సామాను గది, సందులన్నీ మూసి, గాలిలోంచి రోజుకి 20 లీటర్ల నీళ్ళు లాగే డీహ్యూమిడిఫయర్ ఒకటి. దాని డబ్బా నిండితే మిషను ఆగిపోతుంది, పైపు బయటికి వేయండి. కరెంటు పోయి వచ్చాక తనంతట తానే మొదలయ్యే మోడలు చూసుకోండి.

చెమ్మ ఎక్కే గోడకి సిమెంటు ప్లాస్టరు వేయిస్తారేమో, వద్దు. సున్నపు గోడ ఊపిరి ఆగితే చెమ్మ ఇంకా పైకి ఎక్కి, సిమెంటు అయిపోయిన చోట బయటపడుతుంది. ముందు బయట చూడండి: చూరు నీళ్ళు గోడ మొదట్లో పడుతున్నాయా, రోడ్డు లేచి గది నేల కన్నా ఎత్తయిందా? అది సరిచేశాక ఉప్పు పొంగిన ప్లాస్టరు తీసి మళ్ళీ సున్నంతోనే వేయించండి. ఆ గోడకి అర ఏదీ ఆనించొద్దు. తూర్పు కిటికీలకి దోమల మెష్, లోపల ఉతకడానికి వీలైన ముతక నూలు తెర వేయండి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక తలుపులు మూసేయండి.

తుపాను మాట మరవకండి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో ఈ ఊళ్ళో సుమారు 30 వేల మంది పోయారంటారు, 1977 నవంబరు 19న దివిసీమ చూశాం. నేల నుంచి మూడడుగుల లోపు ఏ వస్తువూ ఉండకూడదు. మూతలున్న ప్లాస్టిక్ క్రేట్లు ఖాళీగా సిద్ధంగా పెట్టుకోండి. ముందు ఏవి మోయాలో తలుపు వెనక రాసి అంటించండి. రిజిస్టరు నకలు ఇంకో ఊళ్ళో ఉండాలి.

దస్తరం:

రిజిస్టరు మాట వచ్చింది కాబట్టి. సామాను ఇచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా ఒక పేజీ కాగితం మీద సంతకం తీసుకోండి: దానమా, చూపించడానికి ఇచ్చిన అరువా, అరువైతే ఎప్పటిదాకా. ఇది లేకే చిన్న మ్యూజియంలు గొడవల్లో పడతాయి. నోటి మాటగా ఇచ్చింది మనవడి కాలానికి "మా తాత దాచమన్నాడు" అయిపోతుంది.

నంబరు: సంవత్సరం, ఆ ఏడు వచ్చిన ఎన్నో జమ, అందులో ఎన్నో వస్తువు. పెడన అచ్చులన్నీ ఒకే జమ. జట్టుని విడిగా ఇంకో గడిలో రాయండి, తర్వాత మారితే నంబరు మార్చే పని ఉండదు. అచ్చు మీద నేరుగా స్కెచ్ పెన్నుతో రాయొద్దు. వీపున నున్నటి చోట పారలాయిడ్ బీ-72 (మ్యూజియంలలో వాడే పారదర్శకమైన రెజిన్) పూత వేసి, ఆరాక ఇండియన్ ఇంకుతో రాసి, పైన ఇంకో పూత. అసిటోన్‌తో తుడిస్తే పోతుంది కాబట్టి ఎప్పుడైనా తీసేయొచ్చు. గుడ్డకైతే నూలు టేపు మీద రాసి మూల దగ్గర నాలుగు వదులు కుట్లు చాలు.

100 ఏళ్ళు దాటిన వస్తువులకి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, రాతప్రతులకైతే 75 ఏళ్ళే. కొన్ని రకాలని పురావస్తు శాఖ రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదు చేయించాలి. ఆ మూడు పాత గుడ్డలు ఏ కోవకి వస్తాయో ముందే అడిగేయండి.

ప్రదర్శన గురించి: 1611 నుంచి మొదలెడితే స్కూలు పుస్తకం అవుతుంది, 1864 నుంచి అయితే సంతాప సభ. తలుపు తీయగానే గంగాళం, దాని పక్కన ఒక జట్టు అచ్చులు, ఆ జట్టుతో అద్దిన గుడ్డ పెట్టండి. డచ్చి, ఇంగ్లీషు వర్తకులు ఈ తీరానికి ఎందుకొచ్చారన్నది ఆ గుడ్డ దగ్గరే చెప్పొచ్చు. రెండో గోడకి ప్రెస్సు: 1902లో కృష్ణాపత్రిక, 1907 నుంచి ముట్నూరి కృష్ణారావు గారి సంపాదకత్వం, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో ఆంధ్రా బ్యాంకు. రెండు దశాబ్దాల్లో ఒకే ఊళ్ళోంచి పత్రిక, కాలేజీ, బ్యాంకు రావడం చిన్న సంగతి కాదు. వీటి వెనక ఉన్నవాళ్ళ పేర్లలో కొన్ని మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి, అది చూపిస్తే చాలు, గోడ నిండా పటాలు అక్కర్లేదు.

శ్రీకాళహస్తి కలం పనిని, ఇక్కడి అచ్చు పనిని ఒకే లేబుల్లో కలిపేయకండి. అక్కడ వెదురు కలంతో గీస్తారు, ఇక్కడ అచ్చుతో అద్దుతారు. భౌగోళిక గుర్తింపులు కూడా రెండిటికీ వేరువేరు. లేబులు 60 మాటలు దాటొద్దు, అక్షరం 24 పాయింట్ల కన్నా తగ్గొద్దు.

కోనేరు సెంటర్:

అందరికీ ధన్యవాదాలండి. సీసాల గదికి తాళం వేశాం, ఆఫీసుకి లెటర్ ఇస్తున్నాం. చిరువేరు గారూ, ఒక్క సందేహం. మూడు పాత గుడ్డల్లో ఒకదాన్ని ఎవరో ప్లైవుడ్ మీద పరిచి చుట్టూ ఇనప మేకులు కొట్టి, అద్దం బిగించారు. మేకులు తుప్పు పట్టాయి. తీయాలా, అలా వదిలేయాలా?

చిరువేరు:

తీయాలి. ఆ తుప్పు కూడా ఇనుమే కదా, నల్ల గీత దగ్గర జరిగిందే మేకుల దగ్గరా జరుగుతుంది. ముందు అద్దం తీసే చోట గుడ్డ అద్దానికి అతుక్కుందేమో పక్క నుంచి టార్చి వేసి చూడండి. అతుక్కుని ఉంటే అక్కడితో ఆపి ల్యాబు వాళ్ళకే అప్పజెప్పండి, లాగితే రంగు అద్దంతోపాటు వచ్చేస్తుంది. అతుక్కోకపోతే ఫ్రేముని బల్ల మీద వెల్లకిలా పెట్టి అద్దం తీయండి. గుడ్డకీ మేకు తలకీ మధ్య పోస్టుకార్డు ముక్క దూర్చి, దాని మీద సన్నటి స్పాచులా ఆనించి మేకు తలని కొద్దికొద్దిగా లేపాలి. గుడ్డని మాత్రం లాగకూడదు. ఒక వైపు మొత్తం తీసేయకుండా ఎదురెదురు వైపుల నుంచి ఒక్కోటి తీస్తూ రండి, లేకపోతే మిగిలిన మేకుల మీద బిగువు పడి చిరుగుతుంది. తల ఊడి కాడ మిగిలిపోతే బలవంతం చేయకండి, గుడ్డనే కాడ మీదుగా నిదానంగా పైకి లేపి తప్పించండి. మేకుల బెజ్జాలున్న అంచుని కత్తిరించొద్దు. ప్లైవుడ్ పారేసే ముందు వెనక ఏమైనా చీటీ, షాపు ముద్ర ఉందేమో చూసి ఫొటో తీయండి.